టికెట్టు లేని ఉదయం: పిట్టలు, బొమ్మలు, పాటలు

మొదటిసారి నేను వేళ దగ్గరే తప్పు చేశాను. పిట్టలు చూపిస్తానని పిల్లల్ని పొద్దున పదింటికి పార్కుకు రమ్మన్నాను. అప్పటికే ఎండెక్కి పిట్టలన్నీ ఆకుల చాటుకు చేరిపోయాయి. "ఆంటీ, పిట్టలేవి?" అని ఒక పాప అడిగితే చూపించడానికి ఒక్కటీ కనిపించలేదు. అందుకే చిన్న పట్టణంలో ఇలాంటి ఉచిత కార్యక్రమం పెట్టాలనుకునేవాళ్లకు ముందుగా చెప్పేది ఇదే: తెల్లవారిన తర్వాత మొదటి రెండు గంటలూ పిట్టలకివ్వండి. బొమ్మలు గీయడం, పాటలు ఆ తర్వాత.

నడకకు పన్నెండు మందికి మించనివ్వకండి. ఇంకా వస్తే రెండు జట్లు చేయండి. బైనాక్యులర్స్ రెండు ఉన్నా చాలు, చేతులు మారతాయి. పిల్లలకు నేర్పాల్సింది ఒకటుంది. ముందు మామూలు కళ్లతో పిట్టను పట్టుకోవాలి. దాని మీద నుంచి చూపు తిప్పకుండానే బైనాక్యులర్స్ కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. ఇది రాకపోతే ఎంత మంచి అద్దమైనా ఉత్త ఆకుల్నే చూపిస్తుంది. "అదిగో అదిగో" అని వేలు చూపించినా లాభం లేదు. "స్తంభం పక్క చెట్టు, కొమ్మ చీలిన చోట" అని గుర్తు చెప్పండి. పార్కంతా తిరగాలన్న పట్టుదల వద్దు. ఒక్క చెట్టు కింద పది నిమిషాలు కదలకుండా నిలబడితే పిట్టలే బయటికొస్తాయి.

ఫిబ్రవరిలో పెడితే మీ లెక్క ప్రపంచానికీ పనికొస్తుంది. మామూలు జనమే పిట్టల్ని లెక్కపెట్టే, 1998లో మొదలైన గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఏటా ఆ నెలలోనే నాలుగు రోజులు జరుగుతుంది. కనీసం 15 నిమిషాలు చూసి, ఏ పిట్టలు ఎన్ని కనిపించాయో, పిట్టల వివరాలు నమోదు చేసే వెబ్‌సైట్ అయిన ఈబర్డ్‌లో ఎక్కిస్తే చాలు.

బొమ్మలకు అరగంట. పెన్సిళ్లు, ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలు, అడుగున పెట్టుకోవడానికి అట్టలు ఉంటే సరిపోతుంది. చివర్లో అందరి బొమ్మలూ నేల మీద పక్కపక్కన పరిచి చూడండి. ఊళ్లో ఎక్కడికక్కడ కూర్చుని కళ్లెదుట కనిపించేదాన్ని గీసే, 2007లో మొదలైన అర్బన్ స్కెచర్స్ బృందాలకు ఈ అలవాటుంది. పోటీ, బహుమతి మాత్రం పెట్టకండి. బహుమతి పెట్టిన నెలలో రానివాళ్లలో ఎక్కువమంది, అంతకుముందు నెల భయపడుతూనే మొదటి గీత గీసినవాళ్లు. వాళ్లను మళ్లీ రప్పించడానికి నాకు చాలాకాలం పట్టింది.

పాటకు మైకు వద్దంటాను. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి పాడేవాళ్లను గోడకు వీపు చేసి నిలబెట్టి, వినేవాళ్లను దగ్గరగా అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టండి. ఒక్క వేణువైనా చివరి వరుస దాకా చేరుతుంది. జూన్ 21న పెట్టగలిగితే మరీ మంచిది. 1982లో ఫ్రాన్స్‌లో సంగీత దినం మొదలైందే, ఎవరైనా వీధిలోకి వచ్చి ఉచితంగా పాడుకోవచ్చన్న ఆలోచనతో. ఆ రోజు మొదటి అవకాశం కొత్తవాళ్లకే ఇవ్వండి.

రాత్రి చందమామను చూపించాలంటే పౌర్ణమి వద్దు. శుక్లపక్ష సప్తమి, అష్టముల్లో వెలుగూ చీకటీ కలిసే అంచున నీడలు పొడుగ్గా పడి, గుంటలు స్పష్టంగా కనిపిస్తాయి. అమావాస్య దగ్గర పడ్డప్పుడు తెల్ల దుప్పటి కట్టి, వెనక బల్బు వెలిగించండి. చిమ్మటలు వచ్చి వాలతాయి. గంట తర్వాత బల్బు ఆర్పేయాలి, లేకపోతే అవి అక్కడే అలసిపోతాయి.

పార్కు చూసుకునేవాళ్లకు ముందే ఉత్తరం ఇవ్వండి. నీళ్లు, నీడ, మరుగుదొడ్డి ఉన్నాయో లేదో ఒకసారి మీరే వెళ్లి చూసుకోండి. పోస్టరు మీద "ఉచితం" అన్న మాట పెద్దగా రాయండి, చందా డబ్బా పెట్టకండి. ప్రతి నెలా ఒకే ఆదివారం, ఒకే వేళ, ఒకే చెట్టు దగ్గర కలవండి.

ఉరుములుంటే మానేయండి. ఉత్త వానైతే మండపం కిందికి చేరి పాటలు ముందుకు జరపండి. వాన వెలిశాక పిట్టలు రెక్కలు ఆరబెట్టుకోవడానికి బయటి కొమ్మల మీదికొస్తాయి. అప్పుడు బైనాక్యులర్స్ మళ్లీ పిల్లల చేతికివ్వండి.