చిన్న బ్రాండింగ్ ఏజెన్సీలో ఏఐకి ఏ పని ఇవ్వాలి, ఏది మన చేతిలోనే ఉంచుకోవాలి?

ఇద్దరో ముగ్గురో కలిసి బ్రాండింగ్ ఏజెన్సీ నడపడం ఇదివరకటి కంటే తేలికైంది. చిక్కేంటంటే మీ దగ్గరున్న ఏఐ మీ క్లయింటు ఫోన్‌లో కూడా ఉంది. "లోగో మావాడు చాట్‌జీపీటీలో చేసేశాడండీ, మీరు కాస్త సరిచేసి ఇవ్వండి చాలు" అని అడిగేవాళ్ళు వస్తున్నారు, ఇంకా వస్తారు. అందుకే ఏ పని మెషీన్‌కి వదలాలి, ఏది వదలకూడదు అన్నది ముందే తేల్చుకోవాలి. ఒక ఉదాహరణ పట్టుకుని చెబుతాను. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒక కుటుంబం అనుకోండి. ఇన్నాళ్ళూ పేరు లేని అట్టపెట్టెల్లో అమ్మారు, ఇప్పుడు సొంత పేరు పెట్టి హైదరాబాద్‌లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మాలనుకుంటున్నారు.

1. ముందు పొయ్యి దగ్గరికి వెళ్ళండి

ల్యాప్‌టాప్ తెరవకముందే ఒక పూట వాళ్ళింట్లో కూర్చోండి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డని కుండ మీదుగా ఒక్క లాగు లాగితే రేకు వచ్చేస్తుంది. ఆ పని చేసే ఆవిడ చేతులు ఆపకుండానే కబుర్లు చెబుతారు, మీకు కావలసిన సరుకంతా ఆ కబుర్లలోనే ఉంటుంది. అడిగి, ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. పక్క కొట్టు రేకుకీ మీ రేకుకీ తేడా ఎలా తెలుస్తుందండీ? ఎక్కువ పోయేది పెళ్ళిళ్ళకా, సంక్రాంతికా? పెట్టె తెరిచేసరికి ముక్కలైపోయాయని ఎవరైనా ఫోన్ చేశారా? ఈ చివరి ప్రశ్న మర్చిపోవద్దు. పూతరేకు విరిగిపోయే సరుకు కదా, వాళ్ళకి లోగో కన్నా ముందు మంచి పెట్టె కావాలేమో, అది మీరు వెళ్ళి అడిగితే తప్ప, ఏఐకి మీరు రాసిచ్చే ఏ ప్రాంప్టూ చెప్పదు.

ఇక్కడ ఏఐకి ఇవ్వాల్సింది రికార్డింగ్‌ని అక్షరాల్లోకి మార్చే పని. అయితే ఒకసారి పక్కన పెట్టుకుని విని సరిచేసుకోవాలి, ఎందుకంటే ఇవి గోదావరి యాసని తరచూ బడి తెలుగులోకి దిద్దేస్తాయి. ఆవిడ "చేత్తామండీ" అంటే తెరమీద "చేస్తామండి" అని పడుతుంది, పోయింది ఆ రుచి. సరిచేశాక, ఫిర్యాదులు ఒకచోట, పొగడ్తలు ఒకచోట, మళ్ళీ మళ్ళీ వచ్చిన మాటలు ఒకచోట వేరు చేయమని అడగండి. అది బాగా చేస్తుంది.

2. ఒక పేజీ, మీ చేత్తో

ఎవరికి అమ్ముతున్నాం, వాళ్ళు ఇప్పుడు ఎక్కడ కొంటున్నారు, మన దగ్గరే ఎందుకు కొనాలి: ఈ మూడూ ఒక పేజీ దాటకుండా రాయండి. ఇది ఏఐతో రాయిస్తే "సంప్రదాయం, నాణ్యత, నమ్మకం" అని వస్తుంది, అది పూతరేకులకీ పనికొస్తుంది, సిమెంటుకీ పనికొస్తుంది. మీరు రాసిన తర్వాత మాత్రం దానికి చూపించి, ఇందులో ఏ వాక్యం ఏ మిఠాయి కొట్టైనా చెప్పుకోగలదో గుర్తించమనండి. గుర్తించినవి కొట్టేయండి.

3. పేరు

పేర్లు రాల్చడంలో ఏఐని మించింది లేదు. రెండొందలు అడగండి, ఇస్తుంది. నూటతొంభై పనికిరావు, పర్లేదు, మిగిలిన పదిలో ఒకటి మీకు ఇంకో పేరు తట్టేలా చేస్తుంది. ఆ తర్వాత వడకట్టే పని మీదే. ఫోన్‌లో ఒక్కసారి చెబితే అవతలివాళ్ళకి అర్థమవ్వాలి, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినా ఒకేలా చదవాలి, ఊళ్ళో దానికి ఏ వెటకారపు అర్థమూ ఉండకూడదు (ఇది వాళ్ళింట్లో పిల్లల్ని అడిగితే వెంటనే చెప్పేస్తారు).

తర్వాత ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతకండి. మాట ఉన్నదున్నట్టు వెతకడంతో ఆగకండి, ఒకేలా వినిపించే పేర్లు చూపించే ఫొనెటిక్ సెర్చ్ కూడా అక్కడే ఉంది. రిజిస్ట్రీ సరుకుల్ని రకాల వారీగా క్లాసులుగా విడదీస్తుంది, మిఠాయిలు 30వ క్లాసులోకి వస్తాయి. ఈ పేరు ఎవరైనా వాడుతున్నారా అని చాట్‌బాట్‌ని అడిగి, లేదంది కదా అని ముందుకెళ్ళడం పెద్ద ప్రమాదం, దాని దగ్గర ఆ రిజిస్టరు పూర్తిగా ఉండదు. పేరు రిజిస్టరు చేయించడానికి వ్యక్తిగత దరఖాస్తుదారుకీ చిన్న సంస్థకీ ఆన్‌లైన్ ఫీజు క్లాసుకి 4,500 రూపాయలు, మిగతావాళ్ళకి 9,000. దరఖాస్తుని రిజిస్ట్రీ తన ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురించాక నాలుగు నెలల లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. రిజిస్ట్రేషన్ వస్తే 10 ఏళ్ళు, తర్వాత రెన్యూవల్. దరఖాస్తు పెట్టిన రోజు నుంచే పేరు పక్కన టీఎం వేసుకోవచ్చు గానీ, వృత్తంలో ఆర్ గుర్తు రిజిస్ట్రేషన్ వచ్చేదాకా వేయకూడదు, అది చట్టప్రకారం నేరం.

"నేతి పూతరేకులు" లాంటి సరుకు వర్ణన ఎవరి సొంతమూ కాదు, దాన్ని పేరుగా పెడితే రిజిస్ట్రేషన్ కష్టం. ఊరి పేరు సంగతి ఇంకో రకం. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అంటే ఆ పేరు ఆ ఊరి సరుకుకే చెందుతుందన్న గుర్తింపు. ఆ జీఐ గుర్తు పెట్టె మీద వేయాలంటే మీ క్లయింటు అధీకృత వాడకందారుగా నమోదై ఉండాలి. ఇది మొదటి మీటింగులోనే అడగండి.

4. బొమ్మ, అక్షరం

మొదటి స్కెచ్‌లు పెన్సిల్‌తో వేయండి. ఛాదస్తం అనుకున్నా సరే. ముందే మిడ్‌జర్నీ లాంటి బొమ్మలు వేసే ఏఐ తెరిస్తే అది చూపించిన అందమైన బొమ్మల దగ్గరే బుర్ర ఆగిపోతుంది, ఆ తర్వాత మీరు వేసేవన్నీ వాటి నకళ్ళే. చేత్తో ఒక ఆలోచన పట్టుకున్నాక రంగుల మేళవింపులు, పెట్టె ఆకారాలు, కొట్టు బోర్డు ఎలా కనిపిస్తుందో చూపే నమూనాలు ఏఐతో ఎన్నైనా వేయించండి, క్లయింటుకి చూపించడానికి బ్రహ్మాండంగా ఉంటాయి. ప్రాంప్టులో బతికున్న ఆర్టిస్టు పేరో వేరే బ్రాండు పేరో పెట్టి "అలాగే కావాలి" అనొద్దు.

పూతరేకు బొమ్మ అడిగి చూడండి ఒకసారి. చాలాసార్లు స్ప్రింగ్ రోల్ వస్తుంది, లేదా మడతపెట్టిన దోశ వస్తుంది. అందుకే తినే సరుకు బొమ్మ పెట్టె మీద వేయాలంటే ఫొటో తీయించండి, ఏఐని వెనకున్న గోడ చెరపడానికి వాడుకోండి. లోపల లేని సరుకుని పైన చూపిస్తే కొన్నవాళ్ళు ఊరుకోరు.

తెలుగు అక్షరాల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. ఏఐ బొమ్మల్లో వచ్చే తెలుగు ఈమధ్య కాస్త బాగుపడింది, అయినా వత్తు ఎగిరిపోవడం, గుణింతం మారిపోవడం, అసలు లేని అక్షరం పుట్టడం ఇంకా జరుగుతూనే ఉంది. అక్షరాలు లేకుండా బొమ్మ వేయించి, పేరు మీరు విడిగా పెట్టుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురవరం, బాలూ తమ్ముడు, అనేక్ తెలుగు లాంటివి ఉన్నాయి. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. లోగోకి వీటిలో ఒకటి యథాతథంగా దించేయకుండా, దాన్ని ఆధారంగా పెట్టుకుని ఒకటి రెండు అక్షరాలు చేత్తో మలచండి. ఆత్రేయపురంలో "త్రే" దగ్గర క్రావడి (ర వత్తు) చిన్న సైజులో నల్ల మచ్చ అయిపోతుందేమో చూసుకోండి. వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి పంక్తుల మధ్య ఖాళీ ఇంగ్లిష్ కంటే ఎక్కువ కావాలి. ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తుంటే టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఆన్ చేయాలి.

5. ప్రెస్‌కి పంపే ముందు

ఏఐ ఇచ్చే బొమ్మ మామూలుగా పిక్సెళ్ళ బొమ్మ, ఫ్లెక్సీకి పెంచితే చెదిరిపోతుంది. లోగోని వెక్టర్‌లో, అంటే ఎంత పెంచినా చెదరని గీతల్లో, మళ్ళీ గీయాల్సిందే. తెరమీద మెరిసే ఆకుపచ్చ సీఎంవైకేలో (ప్రెస్సు వాడే నాలుగు సిరాల్లో) మట్టిపట్టినట్టు వస్తుంది, ప్రూఫ్ చూడకుండా పెట్టెలు కొట్టించవద్దు. మన ప్రెస్సుల్లో చాలాచోట్ల ఇప్పటికీ కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లే నడుస్తాయి, మీ యూనికోడ్ తెలుగు అక్కడ తెరిస్తే గడులు కనిపించవచ్చు. అక్షరాల్ని కర్వ్స్‌గా, అంటే ఫాంటు అక్కర్లేని గీతలుగా, మార్చి పంపండి. క్యారీ బ్యాగు మీద ఒకే రంగులో, వాట్సాప్ డీపీ వృత్తంలో, రెండు సెంటీమీటర్ల స్టిక్కర్ మీద లోగో గుర్తుపట్టేలా ఉందో లేదో ప్రింటు తీసి చూడండి.

లేబుల్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు, శాకాహారపు ఆకుపచ్చ చుక్క, పదార్థాలు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ ఉండాలి. ఈ వివరాలు ఇంగ్లిష్‌లోనో దేవనాగరి హిందీలోనో తప్పనిసరి, తెలుగు అదనంగా వేసుకోవచ్చు. డిజైన్ అంతా అయ్యాక వీటికి చోటు వెతుక్కోవడం నరకం, మొదటి లేఅవుట్‌లోనే గడి గీసి పెట్టండి.

6. మాటలు

ఇన్‌స్టా క్యాప్షన్లు, వాట్సాప్ మెసేజీలు ఏఐతో రాయించుకోవచ్చు, కానీ ముందు దానికి మేత కావాలి. రికార్డింగులోంచి ఆవిడ నిజంగా అన్న పది వాక్యాలు తీసి ఇచ్చి, ఈ తీరులో రాయి, "అద్భుతమైన అనుభూతి", "నోరూరించే" లాంటివి వాడకు అని చెప్పండి. వచ్చినదాన్ని పైకి చదవండి. నోటికి అడ్డుపడిన చోట మార్చండి. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న షీటుని మాత్రం ఉచిత టూల్స్‌లో ఎక్కించకండి.

మెషీన్ ఎక్కడ నిజంగా ఉపయోగమో తెలియాలంటే 2021 దీపావళికి క్యాడ్‌బరీ చేసిన ప్రకటన గుర్తుచేసుకోండి, షారుఖ్ ఖాన్ చిన్న చిన్న కొట్ల పేర్లు పలికినట్టు ఏఐతో తయారైంది. వేల కొట్లకి వేల వీడియోలు చేయడం మెషీన్ పని. స్టార్‌ని పెట్టి పక్కింటి కొట్టుకి ప్రకటన చేయాలన్న ఊహ మాత్రం మనుషులది.

7. కాగితం, డబ్బు

1957 కాపీరైట్ చట్టం ప్రకారం, మీరు గీసిన లోగో మీద హక్కులు క్లయింటుకి బదిలీ చేయాలంటే అది రాతపూర్వకంగా ఉండాలి. అందులో కాలం రాయకపోతే 5 ఏళ్ళకే, ప్రాంతం రాయకపోతే ఇండియాకే అని లెక్క. డాలస్‌కీ న్యూజెర్సీకీ పార్సిళ్ళు పంపే కొట్టుకి ఇది చిన్న విషయం కాదు, "ప్రపంచమంతటా, శాశ్వతంగా" అని రాయించండి. మనిషి కర్తగా లేని బొమ్మకి కాపీరైట్ కుదరదని అమెరికా అప్పీల్ కోర్టు 2025 మార్చిలో తేల్చింది, మన దగ్గర ఏఐ బొమ్మల సంగతి ఇంకా గట్టిగా తేలలేదు. కాబట్టి పెన్సిల్ స్కెచ్‌లు తేదీలు వేసి దాచుకోండి, ఏ పనికి ఏ టూల్ వాడారో ఒప్పందంలో ఒక పేరా పెట్టండి. ఏఐ వాడామన్న సంగతి క్లయింటు దగ్గర దాచడం దేనికి?

ధర గంటల లెక్కన చెబితే నష్టపోతారు, ఏఐ వల్ల గంటలు తగ్గిపోయాయి కదా. పేరు, లోగో, పెట్టె, మూడు నెలల మాటలు అని కట్టగా చెప్పండి, ఎన్ని మార్పులు ఉచితమో అంకె వేయండి. "ఏఐతో రెండు వేలకి వస్తుంది కదండీ" అంటే వాదించకుండా, వాళ్ళబ్బాయి చేసిన లోగోనే క్యారీ బ్యాగు సైజులో ఒక రంగులో ప్రింటు తీసి చూపించండి.

చివర్లో వెక్టర్ ఫైలు, ఒక రంగు వెర్షన్, ఫాంట్లు, రంగుల నంబర్లు ఒకే ఫోల్డర్‌లో పెట్టి వాళ్ళ మెయిల్‌కీ, వాళ్ళ ప్రెస్ అతని మెయిల్‌కీ పంపేయండి. లేకపోతే సంక్రాంతి ముందు రాత్రి పదకొండింటికి "ఆ లోగో ఒకసారి మళ్ళీ పంపుతారా అండీ" అని ఫోన్ మీకే వస్తుంది.