గ్రబ్ మెనూ మాయమైతే ఉబుంటు మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి

విండోస్, ఉబుంటు (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్ తర్వాతో, బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) సెట్టింగ్స్ రీసెట్ అయ్యాకో, ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటుంది. ఉబుంటు పోయిందేమోనని టెన్షన్. మొన్న నాకూ ఇదే అయింది, సరిచేయడానికి ఐదు నిమిషాలు పట్టింది.

ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీ వరసగా నొక్కండి. డెల్, లెనోవో వాటిలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. వచ్చిన జాబితాలో ఉబుంటు కనిపిస్తే ఎంటర్ కొట్టండి. గ్రబ్ వస్తుంది, అది కెర్నల్‌ను (ఉబుంటు మూల ప్రోగ్రామ్) లోడ్ చేస్తుంది. అంటే ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి, మారింది వరస మాత్రమే. యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) సిస్టమ్‌లలో గ్రబ్, విండోస్‌ను తెరిచే విండోస్ బూట్ మేనేజర్ రెండూ బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి. ఏది ముందన్నది మదర్‌బోర్డు గుర్తుపెట్టుకుంటుంది.

ఇక రీస్టార్ట్ చేసి బయోస్ సెటప్‌లోకి వెళ్లండి (డెల్, ఆసుస్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10). బూట్ ఆర్డర్‌లో ఉబుంటును విండోస్ బూట్ మేనేజర్ కన్నా పైకి జరిపి సేవ్ చేయండి. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే ఫీచర్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి, ఈ మార్పు తర్వాత అడగొచ్చు.

జాబితాలో ఉబుంటు పేరే లేకపోతే ఈ పద్ధతి పనిచేయదు. పాత బయోస్ కంప్యూటర్లలోనూ అంతే. వాటిలో గ్రబ్ మొదలయ్యేది డిస్క్ మొదటి 512 బైట్ల సెక్టార్‌లో, దాని మీద వేరేది రాసేస్తే లైవ్ యూఎస్‌బీతో (ఉబుంటు నేరుగా నడిచే పెన్‌డ్రైవ్) గ్రబ్‌ను మళ్లీ ఎక్కించాలి.