కూడేరు రోడ్డు మీద రాత్రి బండి: అదనపు లైట్లు ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించుకోవాలి

నేను ఉరవకొండ దగ్గర గాలిమరల మెయింటెనెన్సులో పని చేస్తాను. ఇల్లు అనంతపురంలో. సెకండ్ షిఫ్టు దిగేసరికి రాత్రి పదిన్నర అవుతుంది. అక్కడి నుంచి కూడేరు మీదుగా ఇంటికి దాదాపు యాభై కిలోమీటర్లు. వారంలో నాలుగైదు రాత్రులు, ఆరేళ్లుగా, 150 సీసీ బండి మీదే వస్తున్నాను. ఈ ఆరేళ్లలో మూడు జతల లైట్లు వేయించాను. మొదటి రెండు జతలకు పెట్టిన డబ్బు దండగయింది. మీకు అలా కాకూడదని ఇది రాస్తున్నాను.

ముందు ఒక లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఏదో అడ్డముందని కంటికి తెలిసి, చెయ్యీ కాలూ బ్రేకు మీద పడేసరికి సెకనున్నర పడుతుంది. ఆ లోపలే 25 మీటర్లు వెళ్లిపోతాం. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పట్టినా బండి ఆగడానికి ఇంకో 23 మీటర్లు కావాలి. మొత్తం 48. అదే 80 వేగంలో అయితే 75 మీటర్ల దాకా పోతుంది. మామూలు 35 వాట్ల హాలోజన్ బల్బు లో బీమ్‌లో పనికొచ్చేలా చూపేది సుమారు 40, మహా అయితే 50 మీటర్లు. అంటే లో బీమ్‌లో 60 దాటితే, అడ్డం కనిపించాక ఆగడానికి చోటుండదు. ఎదుట బండి లేనప్పుడు హై బీమ్ ఈ లోటు తీరుస్తుంది. ఎదుట బండి ఉన్నప్పుడు ఏ లైటూ తీర్చలేదు, తీర్చే లైటు వేస్తే ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. అప్పుడు వేగం తగ్గించడం ఒక్కటే దారి. ఈ మాట మనసులో పెట్టుకుని షాపుకు వెళితే సగం తప్పులు జరగవు.

అదనపు లైట్ల కంటే ముందు ఉన్న హెడ్‌లైటును బాగు చేసుకోండి. మూడు వందల రూపాయల మల్టీమీటరు కొని, ఇంజిన్ నడుస్తుండగా బల్బు హోల్డరు దగ్గర వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర 13.5 వోల్టులు ఉండి, బల్బు దగ్గర 12 మాత్రమే ఉంటే మధ్యలో స్విచ్చులోనో కనెక్టర్లోనో తుప్పు పట్టిందని అర్థం. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు ముప్ఫై శాతం పోతుంది. నా బండికి ఉన్న జబ్బు అదే. కనెక్టర్లు శుభ్రం చేసి, కొత్త బల్బు వేసి, అద్దం లోపలి దుమ్ము తుడిపించేసరికి కొత్త లైటు వేసినట్టయింది. హెల్మెట్ అద్దం మీద గీతలుంటే అదీ మార్చండి. ఎదురొచ్చే లైటు ఒక్కో గీత మీద పడి చీలుతుంది, రోడ్డు మసకబారుతుంది. హాలోజన్ బల్బు కోసం చేసిన గిన్నెలో (బల్బు వెనక మెరిసే రిఫ్లెక్టరులో) ఎల్ఈడీ బల్బు మాత్రం దూర్చకండి. ఆ గిన్నెను ఫిలమెంటు ఉండే చోటును బట్టి చేస్తారు. వెలుతురు పుట్టే చోటు మారితే కిరణాలన్నీ చెల్లాచెదురై, రోడ్డు మీద పడాల్సింది చెట్ల మీద, ఎదుటివాళ్ల ముఖాల మీద పడుతుంది.

ఇది చేశాక కూడా చాలదనిపిస్తే అప్పుడు మీ రోడ్డును గుర్తు తెచ్చుకోండి. కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం వచ్చే 44వ నంబరు జాతీయ రహదారిలో మధ్యలో డివైడరు ఉంటుంది, రోడ్డు నేరుగా పోతుంది. అక్కడ భయమంతా ఎడమ పక్కన లైట్లు ఆర్పి ఆపిన లారీతోనే. దాన్ని దూరం నుంచే చూడాలి. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాటు ఎక్కేవాళ్లకు దూరం చూపే లైటుతో పెద్దగా పని లేదు. మలుపు తిరిగే లోపల అది లోయలోకి చూస్తూ ఉంటుంది. అక్కడ కావాల్సింది పక్కలకు పరుచుకునే వెలుతురు. మా ఉరవకొండ రోడ్డుది ఇంకో కథ. ట్రాలీ నిండా శనక్కట్టె వేసుకుని వెనక లైటు లేని ట్రాక్టరు, రోడ్డు పక్కన మలిపిన గొర్రెల మంద, పంట కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన కందికట్టె.

ఆ కందికట్టె సంగతి కొంచెం చెప్పాలి. బండ్లు తొక్కితే గింజలు రాలతాయని రోడ్డులో సగం దాకా పరుస్తారు. దాని చుట్టూ తలకాయంత రాళ్లు వరుసగా పెడతారు. రాత్రికి కట్టె ఎత్తేస్తారు గానీ ఒక్కోసారి రాళ్లు అక్కడే ఉండిపోతాయి. జనవరిలో ఒక రాత్రి అలాంటి రాయి ముందు చక్రం అంచుకు తగిలి రిమ్ము వంగింది, నేను పడలేదు. నల్ల తారు మీద నల్ల రాయి హెడ్‌లైటు వెలుతురులో రోడ్డులో కలిసిపోయింది. ఇప్పుడు నా లైట్లు కింద, లెగ్ గార్డుకు ఉన్నాయి. కంటికంటే బాగా కిందనుంచి వెలుతురు పడితే చిన్న రాయికి కూడా వెనక మూరెడు పొడుగు నీడ పడుతుంది. రాయి కంటే ముందు ఆ నీడ కనిపిస్తుంది. గుంత అయితే దగ్గరి అంచు నల్లగా తేలుతుంది. లైట్లు కింద బిగించడంలో నాకు అన్నిటికంటే పెద్ద లాభం ఇదే.

మొదటి జత వాట్లు చూసి కొన్నాను. డబ్బా మీద పెద్ద అంకె ఉంది, ధర తక్కువ ఉంది. బిగించినవాళ్లు హెడ్‌లైటు వైరుకే కోసి కలిపారు. రెండు నెలలకు స్విచ్చు దగ్గర ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చింది.

రెండో జత వెలుతురు బాగానే ఉండేది, కానీ దానికి అంచు లేదు. గుండ్రంగా, బుగ్గ ఊదినట్టు అన్ని వైపులా కొట్టేది. కూడేరు దాటాక ఒక రాత్రి ఎదురుగా ఎక్సెల్ బండి మీద ఒక పెద్దాయన వచ్చాడు. నన్ను దాటే ముందు ఆయన బండి ఎడమ పక్క మట్టిలోకి దిగి పడిపోయింది. నేను ఆపి పరుగెత్తాను. మోకాలు గీసుకుపోయింది, పాల క్యాను దొర్లి పోయింది. ఆయన తిట్టలేదు. "ఏమప్పా, ఆ లైటేంది? రోడ్డు యాడుందో నాకు కనపల్లేదు" అన్నాడు. "తప్పయింది తాతా" అని ఇంటిదాకా వెనకాలే వెళ్లి దిగబెట్టి వచ్చాను. మర్నాడు ఆ లైట్లు పీకేశాను. అప్పటి నుంచి లైటు కొనేటప్పుడు నేను మొదట చూసేది అంచే.

అంచు అంటే వెలుతురు పైభాగం కత్తితో కోసినట్టు ఆగిపోవడం. ఫాగ్ లైటు అని సరిగ్గా తయారు చేసినవాటికి ఇది ఉంటుంది. కింద వెడల్పుగా పరుచుకుంటుంది, గీత పైన చీకటి. డ్రైవింగ్ లైటు అనేది వేరు. అది సన్నగా, దూరంగా కొడుతుంది, దానికి అంచు ఉండదు, కాబట్టి హై బీమ్‌తో కలిసి వెలిగి, డిప్ చేయగానే ఆరిపోయేలా మాత్రమే దాన్ని బిగించాలి. షాపులో రెండింటినీ ఫాగ్ అనే అమ్ముతారు. మీరు అద్దం మీద అచ్చు చూడండి. వృత్తంలో ఈ అనే ఇంగ్లిష్ అక్షరం, పక్కన ఒక అంకె ఉంటే యూరప్ ప్రమాణాల ప్రకారం పరీక్ష చేసిందని గుర్తు. దాని దగ్గరే బీ గానీ ఎఫ్3 గానీ ఉంటే ఫాగ్ లైటు, ఆర్ లేదా హెచ్‌ఆర్ ఉంటే దూరపు లైటు. ఏ గుర్తూ లేకపోతే షాపు షట్టరు మీద కొట్టించి చూడమనండి. పైన గీత కనపడకపోతే వదిలేయండి.

నా రోడ్డుకు నేను ఫాగ్ జత ఎంచుకున్నాను. దూరానికి బాగు చేసుకున్న హెడ్‌లైటు హై బీమే సరిపోతోంది. రోజూ 44 మీద తిరిగేవాళ్లయితే డ్రైవింగ్ జత మంచిది. రెండు జతలూ వేసుకోవాలంటే ముందు బండి కరెంటు చూసుకోవాలి.

కరెంటు సంగతి ఇలా తేల్చుకోండి. 2017 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లకు హెడ్‌లైటు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది, అంటే ఆ భారం ముందే ఉంది. ఒక్కొక్కటి 20 వాట్ల జత అంటే 40 వాట్లు, దాదాపు 3 ఆంపియర్లు. లైట్లన్నీ వేసి, బండి మామూలు వేగంలో తిరిగే ఇంజిన్ స్పీడులో బ్యాటరీ వోల్టేజీ కొలవండి. 13.5 దగ్గర నిలబడితే పరవాలేదు. 12.8 కిందకి జారుతుంటే బ్యాటరీ నింపుకోవడం లేదు, ఖాళీ అవుతోంది. అప్పుడు చిన్న లైట్లకు దిగాలి. చిన్న బండ్లకు ఒక్కొక్కటి 10, 15 వాట్లు కూడా అంచు బాగుంటే ధారాళంగా చాలు.

రంగు గురించి చాలామంది అడుగుతారు. పసుపు మంచును చీల్చుకుపోతుందని అంటారు గానీ, మంచు బిందువులు పెద్దవి, వాటికి ఏ రంగైనా ఒకటే. అయినా నేను పసుపే వాడతాను, 3000 కెల్విన్. లైటు రంగుకు కొలత అది, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు పోతుంది. దుమ్ములో, వానలో తిరిగి మన కళ్లలోకే కొట్టే వెలుతురు నీలం కలిసిన తెలుపైతే నాకు కళ్లు ఎక్కువ అలసిపోతాయి. పసుపు కంటికి హాయి. 6000 దాటిన నీలి తెలుపు మాత్రం వద్దు.

లైటు చేతిలోకి తీసుకుని వెనక అల్యూమినియం రెక్కలు చూడండి. ఎల్ఈడీకి వేడి శత్రువు. మే నెలలో మా వైపు ఎండ 42 దాటుతుంది, రాత్రి పదికి కూడా రోడ్డు సెగలు కక్కుతుంది. వేడిని బయటికి పంపలేని లైటు పది నిమిషాలకే మసకబడుతుంది. షాపులోనే పావుగంట వెలిగించి చూడమని అడగండి. నీళ్లూ దుమ్మూ లోపలికి పోకుండా ఎంత కట్టుదిట్టమో చెప్పే ఐపీ రేటింగు 67 ఉంటే వానకు సరిపోతుంది. వాటర్ సర్వీసులో ప్రెషర్ పైపు మాత్రం దగ్గరగా కొట్టించొద్దు. దానికి ‘ఐపీ69కె’ (IP69K) రేటింగు ఉండాలి.

బిగించే చోటు: లెగ్ గార్డు మీద, రెండు వైపులా సమానంగా, వీలైనంత ఎడంగా. పైన హెడ్‌లైటు, కింద రెండు లైట్లు కలిసి త్రికోణంలా కనిపిస్తే ఎదుటివాళ్లకు మనం ఎంత దూరంలో ఉన్నామో అంచనా దొరుకుతుంది. అద్దాల కడ్డీకి బిగిస్తే రోడ్డంతా ఊగుతుంది. లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు వాడండి, మామూలు నట్లు ఇంజిన్ వణుకుకు నెలలో వదులవుతాయి.

వైరింగ్ దగ్గర మొహమాటపడకండి, పక్కన నిలబడి చేయించండి. బ్యాటరీ ప్లస్ నుంచి మొదట ఫ్యూజు, బ్యాటరీకి జానెడు దూరంలోపే. 40 వాట్లకు 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అక్కడి నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆర్పే స్విచ్చు) 30 పిన్నుకు, 87 నుంచి లైట్లకు. 85 ఎర్తుకు, 86 స్విచ్చు ద్వారా తాళం తిప్పితేనే కరెంటొచ్చే వైరుకు. డ్రైవింగ్ జత అయితే 86కు హై బీమ్ వైరు నుంచి రావాలి. వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది, పైన స్లీవు. కొన్ని పాత బండ్లలో హెడ్‌లైటుకు బ్యాటరీ నుంచి కాకుండా నేరుగా మాగ్నెట్ కాయిల్ నుంచి ఏసీ కరెంటు వస్తుంది. రేజ్ చేస్తే హెడ్‌లైటు పెరిగి, వదిలితే తగ్గుతుందంటే అదే. అలాంటి బండిలో ఆ వైరు తాకకండి, హారన్‌కో బ్రేక్ లైటు స్విచ్చుకో వచ్చే వైర్లలో, తాళం తిప్పగానే కరెంటుండే వైరు తీసుకోండి.

చట్టం కూడా చెప్పాలి. కంపెనీ ఇచ్చిన బండిని మార్చడంపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలున్నాయి. 182ఏ కింద ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా పడొచ్చు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 111 ప్రకారం ముందు స్పాట్ లైట్లు నిషేధం. రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి కంపెనీలు తమ బండ్లకు అదనపు లైట్లు తామే అమ్ముతాయి. మీ బండికి అలా దొరికితే ముందు అవే తీసుకోండి. పగలు, ఊళ్లలో వెలిగించకండి.

ఆ నిబంధనల్లోనే 106లో ఒక కొలత ఉంది: లైటుకు 8 మీటర్ల దూరంలో, నేలకు మీటరున్నర ఎత్తులో కళ్లున్న మనిషికి మిరుమిట్లు కొట్టకూడదు. నేను సెట్ చేసుకునేది దీంతోనే. చదునైన చోట గోడకు 8 మీటర్ల దూరంలో బండి నిలబెట్టి, మీరు ఎక్కి కూర్చోండి. లైటు నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే గోడ మీద దానికంటే 16 సెంటీమీటర్లు కింద, అంటే 44 దగ్గర సుద్దతో గీత గీయించి, వెలుతురు పైఅంచును ఆ గీతకు దించండి. తర్వాత వెనక మనిషిని కూర్చోబెట్టి మళ్లీ చూడండి. వెనక భాగం దిగి అంచు పైకి లేస్తుంది. రోజూ ఇద్దరు వెళ్లేవాళ్లయితే ఇద్దరి బరువుతోనే సెట్ చేయాలి.

గోడ దగ్గర అయిపోయిందని వదలొద్దు. మా తమ్ముణ్ణి నా బండి మీద కూర్చోబెట్టి, నేను ఎదురుగా యాభై మీటర్ల నుంచి నడుచుకుంటూ వచ్చాను. ఎక్సెల్ మీద కూర్చున్న మనిషి కళ్ల ఎత్తుకు వంగి కూడా చూశాను. కుడి లైటు కొద్దిగా కళ్లలో పడుతోంది. కుడివైపు నట్టు పావు తిప్పు తిప్పి మళ్లీ నడిచాను. నెలకోసారి, రిమ్ములు తుడిచేటప్పుడు, ఆ నట్లు చేత్తో పట్టి చూస్తాను.