గాలి ఒత్తిడి అదుర్లు కొలవడానికి చిన్న మైకు చాలు

రామగిరి కొండల మీద గాలిమరలు చూస్తూ పెరిగిన మన అనంతపురం ఇంజినీరింగ్ పిల్లలకు ఈ మాట చెప్పాలి. రెక్క నమూనా మీద క్షణక్షణం మారే గాలి ఒత్తిడిని కొలవడానికి ఖరీదైన సెన్సార్ లేదని ప్రాజెక్టు ఆపేయొద్దు. ఎలక్ట్రానిక్స్ షాపులో కొద్ది రూపాయలకే దొరికే ఎలక్ట్రెట్ మైకు బిళ్ల (హెడ్‌సెట్లలో ఉండేలాంటి గుండ్రటి చిన్న మైకు) ఆ పని చేస్తుంది.

మైకును నేరుగా గాలికి పెట్టకండి. దాని ముఖం దాదాపు 1 సెం.మీ. వెడల్పు ఉంటుంది కాబట్టి అంతకన్నా చిన్న సుడులు సగటైపోయి కనబడవు. రెక్క పైపొరకు 1 మి.మీ. రంధ్రం వేసి, వెనక నుంచి గాలి కారకుండా మైకు అతికించండి. రంధ్రం అంచు మీద గోరు జరిపితే ఏమీ తగలకూడదు. చిన్న గరుకున్నా అదే కొత్త సుడులు పుట్టిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పక్కనే ఇంకో మైకు పెట్టి దాని రంధ్రాన్ని ఎమ్-సీల్‌తో మూసేయండి. నమూనా మీదకు గాలి కొట్టే ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ఈ మూసిన మైకులోనూ సిగ్నల్ వస్తే అది గాలిది కాదు, బల్ల అదురో, 50 హెర్ట్జ్ కరెంటు హమ్మో. ఇది చేయక నేను వారం రీడింగులు పారేశాను.

సగటు ఒత్తిడి దీంతో రాదు. 20 హెర్ట్జ్ కన్నా నెమ్మదైన మార్పులనూ నమ్మొద్దు. పాస్కల్స్‌లో (ఒత్తిడి కొలత) అంకెలు కావాలంటే, మీ మైకునూ ముందే కాలిబ్రేట్ చేసిన (కొలత సరిచూసిన) మైకునూ ఒకే స్పీకర్ ముందు పెట్టి పోల్చుకోండి. అదీ మీ మైకు రంధ్రం వెనక అతికించి ఉండగానే. ఎందుకంటే సీసా మూతి మీద ఊదినట్టు, ఆ రంధ్రమూ వెనక ఖాళీ కలిసి కొన్ని కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతాయి.