నడివేసవి కూరగాయల మడి: మందు కొట్టే ముందు ఒకసారి చూడండి

నడివేసవిలో మొక్క ఏ కాస్త తేడాగా కనిపించినా చెయ్యి ఎరువు సంచి మీదికో మందు సీసా మీదికో పోతుంది. నిజానికి ఈ రోజుల్లో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం తెగులు కాదు, ఎండా నీళ్ళూ.

మధ్యాహ్నం ఆకులు వేలాడిపోతున్నాయి

వంగ, దోస, బీర ఆకులు మిట్టమధ్యాహ్నం వడలితే కంగారుపడి బకెట్టు ఎత్తకండి. వేళ్ళు అందించే నీటికన్నా ఆకుల నుంచి ఆవిరయ్యేది ఎక్కువవుతోంది, అంతే. పొద్దువాలాక లేచి నిలబడితే మొక్క బాగున్నట్టే. తెల్లవారి చూసినప్పుడు కూడా వాడే ఉంటే మాత్రం ఆలోచించాలి. మట్టిలోకి వేలు రెండో కణుపు దాకా గుచ్చండి. పొడిగా తగిలితే దాహం. తడిగా ఉండి కూడా మొక్క వాడిందంటే వేళ్ళకే దెబ్బ తగిలిందని అనుమానించాలి. నీళ్ళు ఆపి, కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. ఈ తేడా తెలియక, వాడింది కదా అని పూటపూటా నీళ్ళు పోసి రెండు వంగ మొక్కల్ని నేనే చంపాను.

పోసిన నీళ్ళు పోసినట్టే కుండీ కిందికి కారిపోతున్నాయి

బాగా ఎండిన మట్టి కుదించుకుపోయి కుండీ గోడను వదిలేస్తుంది. అంచున వేలిగోరు దూరేంత సందు కనిపిస్తుంది. నీళ్ళు ఆ సందులోంచి జారిపోతాయి, మధ్యలో వేళ్ళు పొడిగానే మిగులుతాయి. కింద తడి చూసి మనం సరిపోయిందనుకుంటాం. చిన్న కుండీ అయితే నీళ్ళ తొట్టెలో అరగంట కూర్చోబెట్టండి. కదలని కుండీ అయితే పైమట్టి గుల్లచేసి, కొంచెం కొంచెంగా మూడు నాలుగు దఫాలు పోయండి. తర్వాత రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు పరచండి, కాండానికి మాత్రం ఆనించొద్దు. వేసవిలో నేను ఒక్క పనే చేయాలంటే ఇదే చేస్తాను.

టమాటా పూత రాలిపోతోంది

పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటుతూ ఉంటే పుప్పొడి సరిగా పనిచేయదు. పువ్వు కాడ దగ్గర పసుపు తిరిగి ఊడిపోతుంది. దీనికి మందు లేదు. మధ్యాహ్నపు ఎండకు షేడ్ నెట్ కట్టి, నీళ్ళు తప్పకుండా చూసుకుంటూ, వేడి తగ్గేదాకా ఓపిక పట్టడమే. పూత కోసమని నత్రజని ఎరువు వేస్తే ఆకులే గుబురుగా వస్తాయి.

తీగ నిండా పువ్వులు, ఒక్క కాయా లేదు

ముందుగా వచ్చేవి సాధారణంగా మగపువ్వులే, కొద్ది రోజులు ఆగాలి. ఆడపువ్వు వెనక బుల్లి పిందె ఉంటుంది. అది పసుపు తిరిగి రాలిపోతుంటే పుప్పొడి అందలేదని అర్థం. మగపువ్వు కోసి, రేకలు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. గుమ్మడికీ దోసకూ ఈ పని పొద్దున్నే చేయాలి. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, పొద్దున వెళితే లాభం లేదు.

టమాటా కాయ అడుగున నల్లని మచ్చ

అణిగిపోయి, తోలులా గట్టిపడిన మచ్చ కాయ అడుగునే ఉంటే అది తెగులు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. మట్టిలో కాల్షియం లేకనే ఇలా అవుతుందని అనుకోవద్దు. అది నీటితో పాటే పైకి వెళ్ళాలి. మూడు రోజులు ఎండగట్టి నాలుగో రోజు ముంచెత్తితే కాయ దాకా చేరదు. గుడ్డుపెంకుల పొడి కరగడానికే చాలా కాలం పడుతుంది, ఈ కాపుకు అక్కరకు రాదు. మచ్చపడ్డ కాయలు తీసేసి నీళ్ళు ఒక పద్ధతిలో పెడితే తర్వాతి కాయలు చాలావరకు శుభ్రంగా వస్తాయి. అదే కాయకు ఎండ తగిలే వైపు తెల్లగా, కాగితంలా మారితే అది ఎండదెబ్బ. ఆ మొక్కకు ఆకులు కత్తిరించకండి, కాయలకు అవే గొడుగు.

ఆకుల మీద సన్నని పసుపు చుక్కలు

తెల్లకాగితం పట్టి దాని మీద ఆకును తట్టండి. రాలిన చుక్కలు నెమ్మదిగా నడిచాయంటే నల్లి (మంచంలో ఉండేది కాదు, ఆకు రసం పీల్చే చుక్కంత పురుగు). ఆకు అడుగున సన్నని గూడు కూడా కనిపించవచ్చు. వేడి, పొడిగాలి దానికి బాగా పడతాయి. పొద్దున్నే ఆకుల అడుగు భాగానికి నీళ్ళు గట్టిగా చిమ్మండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్ళు కలిపి, ఎండ పోయాక కొట్టండి. వారానికోసారి, రెండు మూడు సార్లు. ఘాటైన పురుగుమందు వాడితే నల్లిని తినే పురుగులూ చచ్చి, నల్లి ఇంకా పెరుగుతుంది.

బెండ కాపు తగ్గింది

మొక్క మీదే ముదురు కాయలు ఉన్నాయేమో వెతకండి. గింజ ముదురుతున్న కొద్దీ కొత్త పూతకు బలం చాలదు. రోజు విడిచి రోజు, ఎండ ఎక్కక ముందే కోయాలి. చివర వంచితే టప్పున విరిగిందా, లేత. విరక్కుండా వంగిందంటే రెండు రోజులు ఆలస్యమైనట్టే, అయినా కోసి పారేయండి.