సీసా బ్లాక్ అండ్ టాన్ రుచి ఎలా చూడాలి

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేటల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు బోలెడు. వాళ్లు వస్తూ సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చే సీసాల్లో ఒక్కోసారి బ్లాక్ అండ్ టాన్ ఉంటుంది, అంటే నల్ల బీరు, లేత రంగు బీరు కలిపినది. స్ట్రాంగ్ బీరుకు అలవాటు పడ్డ నాలుకకు ఇది మొదటి గుక్కలో చప్పగా తగులుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి సీసా మూతితోనే తాగితే మరీ చప్పన. ఇది కిక్కు కోసం చేసిన బీరు కాదు. చల్లదనం కాస్త తగ్గనిచ్చి గ్లాసులో పోసుకుంటేనే దీని గుణం బయటపడుతుంది.

పబ్బుల్లో బ్లాక్ అండ్ టాన్ అంటే అడుగున లేత రంగు బీరు, పైన స్టౌట్ అనే నల్లటి బీరు పొరలుగా నిలబడ్డ గ్లాసు. ఆ స్టౌట్ సాంద్రత కింది బీరు కన్నా తక్కువ కాబట్టి చెంచా వీపు మీదుగా మెల్లగా వదిలితే పైన తేలుతుంది. సీసాలో ఆ పొరల కోసం వెతకొద్దు, రెండూ బ్రూవరీలోనే కలిసిపోయి వస్తాయి. పెన్సిల్వేనియాలోని పాట్స్‌విల్‌లో 1829లో మొదలైన యింగ్లింగ్ కంపెనీ సీసానే తీసుకోండి: పోర్టర్ అనే నల్ల బీరు 60 శాతం, మామూలు లేత బీరు 40 శాతం, ఆల్కహాల్ 4.7 శాతం. అందుకే రుచి చూసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మాడిన మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), లేత మాల్టు ఒకదాన్నొకటి మింగేశాయా, రెండూ వినిపిస్తున్నాయా?

సీసా చేతికి రాగానే తేదీ చూడండి. అమెరికా వాళ్లు నెల ముందు వేస్తారు, 05/08 అంటే మే 8. తయారై ఆరు నెలలు దాటితే ఆశలు తగ్గించుకోండి. మే నెలలో శంషాబాద్ నుంచి కారు డిక్కీలో వచ్చిన సీసాకు, ఆ ఒక్క ప్రయాణమే చాలా రోజుల వయసు పెంచుతుంది. ఏసీ ఉన్న సీటు దగ్గర పెట్టించండి. ఇంటికొచ్చాక ఒక రోజంతా ఫ్రిజ్‌లో నిలువుగా ఉంచండి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, గడ్డకడితే సీసా పగులుతుంది.

గ్లాసు సంగతి చాలామంది పట్టించుకోరు, సగం తప్పులు అక్కడే జరుగుతాయి. పాలో మజ్జిగో తాగిన గ్లాసుకు కంటికి కనపడని జిడ్డు ఉంటుంది, నురగను అది నిమిషంలో చంపేస్తుంది. 400 ఎంఎల్ పైన పట్టే గాజు గ్లాసును వంటసోడాతో తోమి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, బోర్లించి ఆరబెట్టండి. గుడ్డతో తుడవొద్దు. నీళ్లు పోసి వంపినప్పుడు గోడ మీద నీరు ఒకే పొరలా జారాలి. చుక్కలు చుక్కలుగా విడిపోతే మళ్లీ కడగాలి. స్టీలు గ్లాసైతే రంగే కనపడదు.

తాగే చల్లదనం 8 నుంచి 12 డిగ్రీలు. 4 డిగ్రీల ఫ్రిజ్‌లోంచి తీసిన 355 ఎంఎల్ సీసాను ఎండాకాలం పది పన్నెండు నిమిషాలు, చలికాలం ఇరవై నిమిషాలు బయట ఉంచితే సరిపోతుంది. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి, వాసన పైకి లేవక, చేదు ఒక్కటే మిగులుతుంది.

గ్లాసును సగం వంచి, గోడ మీదుగా సగం వరకు పోయండి. తర్వాత నిటారుగా పెట్టి మధ్యలో పోస్తే రెండు వేళ్ల మందాన లేత గోధుమ రంగు నురగ వస్తుంది. వెలుతురుకు ఎత్తి పట్టండి. నడుమ ముదురు గోధుమ రంగు, అంచున దానిమ్మ గింజ ఎరుపు కనపడాలి.

వాసన వెంటనే చూడండి, చిన్నచిన్న పీల్పులతో. పక్కన తాలింపు వేస్తున్నా, అగరుబత్తి వెలుగుతున్నా ఆ పూట మానుకోండి. ముందు కాఫీ గింజ, మాడిన జొన్నరొట్టె అంచు వస్తాయి. వాటి వెనక పాకం పట్టిన చక్కెర, ఇంకా వెనక సన్నగా ఉడికిన మక్క వాసన. ఆ మక్క వాసన లేత బీరు వైపు నుంచి వస్తుంది, సన్నగా ఉన్నంతవరకు తప్పు కాదు.

గుక్క చిన్నది, రెండు చెంచాలంత. నాలుకంతా పారించి నాలుగైదు సెకన్లు ఉంచి మింగండి. ఉమ్మితే లాభం లేదు, చేదు తేలేది గొంతు దగ్గర. నోరు మూసి ముక్కుతో గాలి వదిలితే మాడిన మాల్టు మళ్లీ వస్తుంది. మొదట కొంచెం తీపి, నడుమ కాఫీ, చివర పొడిగా తేలిపోయే చేదు, ఇదీ వరుస. నోట్లో బీరు పల్చగా ఉండటాన్ని లోపమనుకోవద్దు, లేత బీరు కలిపిందే అందుకు. గ్లాసులో సగం అయ్యాక పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. బాగా కుదిరిన సీసా అయితే అప్పుడు కోకో వాసన విప్పుకుంటుంది, కుదరనిదైతే తీపి మొహం మొత్తుతుంది.

ఇక చెడిన సీసా. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే ప్రాణవాయువు తగిలింది, వేడి దాన్ని తొందరపెట్టింది. కాలిన రబ్బరు లాంటి గంధకపు కంపు వస్తే ఎండ తగిలింది: వెలుతురు హాప్స్‌లోని (బీరుకు చేదునిచ్చే పూలు) చేదు పదార్థాన్ని విరగ్గొడుతుంది. గోధుమ రంగు సీసా చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది ఆపలేదు. పులుపు విషయంలో మనవాళ్లు పొరబడతారు. పొద్దటి కల్లు సాయంత్రానికి పులవడం సహజమే కానీ బీరు పులవకూడదు. డికాషన్‌లో ఉండేపాటి పులుపు నల్ల మాల్టుదే, వెనిగర్‌లా గుచ్చితే మాత్రం బాక్టీరియా చేరినట్టు. పారబోయండి.

రుచి చూసే ముందు గంటసేపు మిర్చిబజ్జీ, పాన్, పచ్చి ఉల్లిగడ్డ వద్దు. కారం మీద గ్యాసు, చేదు రెండూ రెట్టింపు కుడతాయి. చూడటం అయ్యాక మిగిలిన సగానికి నిప్పుల మీద కాల్చిన మక్క కంకి, వేయించిన పల్లికాయ, కారం తగ్గించిన మటన్ ఫ్రై బాగా కుదురుతాయి. మాడిన అంచు ఉన్న ఏ తిండైనా దీనికి జోడీయే.

ఇంకో సీసా దొరకనివాళ్లు హైదరాబాద్‌లో దొరికే స్టౌట్ 120 ఎంఎల్, మైల్డ్ లాగర్ (మామూలు లేత బీరు) 80 ఎంఎల్ కలిపి పక్కన పెట్టుకుని పోల్చొచ్చు. స్ట్రాంగ్ బీరు కలపొద్దు, దాని తీపి, ఆల్కహాల్ మంట స్టౌట్‌ను కప్పేస్తాయి.