హబ్ మోటార్ బిగించే ముందు ఇరుసు చూసుకోండి

సైకిల్‌కి హబ్ మోటార్ (చక్రం మధ్యలో కూర్చునే కరెంటు మోటార్) పెట్టించుకునేవాళ్లు ఎన్ని వాట్లని అడుగుతారు గానీ, ఇరుసు సంగతి పట్టించుకోరు. మోటార్ చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఫ్రేము లేదా ఫోర్కు గాడిలో కూర్చున్న ఇరుసు తాలూకు రెండు చదును పక్కలే. అల్యూమినియం ఫోర్కైతే గాడి నోరు విచ్చుకుని చక్రమే ఊడొచ్చే ప్రమాదం ఉంది. అందుకే 250 వాట్లదైనా సరే, స్టీలు టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండా పట్టి ఉంచే పట్టీ) తప్పకుండా వేయించండి.

కొనేముందు చక్రానికి రెండు వైపులా ఉండే గాడుల మధ్య వెడల్పు కొలవండి. గేర్ సైకిళ్లకి సాధారణంగా వెనక 135 మిల్లీమీటర్లు, ముందు 100. రోజూ ఫ్లైఓవర్లు ఎక్కే దారైతే లోపల గేర్లున్న మోటారే నయం, తేలిగ్గా ఉంటుంది, ఎత్తులో బాగా లాగుతుంది.

వైరుని ఇరుసు దగ్గర కిందికి వేలాడేలా వంపు తిప్పి కట్టండి. వాన నీళ్లు మోటార్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి.